రెండు తుమ్మలు

నారాయణఖేడ్ చుట్టుపక్కల పొలం గట్ల మీద తుమ్మ చెట్లకు కరువు లేదు. అది ఏ తుమ్మ అని అడిగితే మాత్రం ఇప్పటి పిల్లలు తడుముకుంటారు. ముళ్లున్నదల్లా తుమ్మే అనుకుంటారు. ఒకప్పుడు నేనూ అంతే.

నల్లతుమ్మ, తెల్లతుమ్మ అక్కచెల్లెళ్లు. రెంటికీ ఈకల్లాంటి సన్నాకులు, జంటలు జంటలుగా తెల్లటి ముళ్లు. నాకు తేడా నేర్పింది మేకలు కాసే ఒక పెద్దాయన. "దూరంకెళ్లి చూస్తే ఏం ఎరుకైతది బిడ్డా, చెయ్యి పెట్టు" అని నా అరచేతిని మానుకు ఆనించాడు. నల్లతుమ్మ బెరడు ఎండిన రేగడిలా నిలువునా నెర్రెలు వారి ఉంది. పక్కనే తెల్లతుమ్మ మాను పాలిపోయిన రంగులో ఉంది. తర్వాత పూత చూడమన్నాడు. నల్లతుమ్మకు ఆకుల సందుల్లో పచ్చటి పసుపు బంతులు, తెల్లతుమ్మకు కొమ్మల చివర మీగడ రంగు గుత్తులు. ఇక కాయ. నల్లతుమ్మ కాయ గింజ గింజకూ నొక్కుపడి పూసల దండలా ఉంటుంది. తెల్లతుమ్మ కాయకు ఆ నొక్కులుండవు, సన్నగా వంకర తిరిగి ఉంటుంది.

  

నల్లతుమ్మ చేవ గట్టిది. వడ్లవాళ్లు నాగళ్లకు, బండి చక్రాల ఆకులకు దాన్ని ఏరి తెచ్చేవారు. దాని బంక మందుకు, కాయలు, బెరడు తోళ్లు ఊనడానికి పనికొచ్చాయి. తెల్లతుమ్మ పట్టకు సారా బట్టీల్లో గిరాకీ ఉండేది. చుట్టూరా పట్ట ఒలిస్తే చెట్టు నిలువునా ఎండిపోతుంది.

శాస్త్రవేత్తలు ఈ రెంటినీ చాలాకాలం అకేసియా అన్నారు. గ్రీకులో ముల్లుకున్న మాట నుంచి వచ్చిన పేరది. 2005లో వియన్నాలో జరిగిన వృక్షశాస్త్ర మహాసభ తర్వాత ఆ పేరు ఆస్ట్రేలియా చెట్లకు పోయింది, మన తుమ్మలు రెండూ వాచెల్లియాలో చేరాయి. పుస్తకంలో పేరు మారినా మన రైతు పెట్టిన పేరు మారలేదు. అది మానును చూసి పెట్టిన పేరు.

గట్టు మీద తుమ్మకు గొడ్డలి పెట్టే ముందు ఒక్కసారి బెరడు మీద చెయ్యి వెయ్యండి. పక్కన మీ పిల్లలుంటే వాళ్ల చెయ్యీ వేయించండి.