పుల్ల నీడతో మొదలైన గుడి

సూర్యుడికి గురిపెట్టి కట్టిన ప్రాచీన రాతి కట్టడం అండమాన్ నికోబార్ దీవుల్లో ఒక్కటీ లేదు. యాత్రికులు వచ్చి చూసే పాత కట్టడాలంటే 1906లో పూర్తయిన సెల్యులర్ జైలు, రాస్ దీవిలో మర్రివేళ్లు అల్లుకుపోయిన బ్రిటిష్ వాళ్ల గోడలు. రెండు వందల ఏళ్లు కూడా నిండనివి. అయినా స్టోన్‌హెంజ్‌నీ, అరసవల్లినీ నిలబెట్టినవాళ్ల పనితనం అర్థం కావాలంటే ఈ దీవుల ఒడ్డున కొన్నాళ్లు తూర్పు ముఖంగా నిలబడటం కన్నా మంచి దారి లేదని నా నమ్మకం. రాయి ఆ పనిలో ఆఖరున వచ్చేది. అంతకు ముందు ఒకే చోట నిలబడి, ఏళ్ల తరబడి, ఒక తరం తర్వాత ఇంకో తరం ఆకాశాన్ని చూస్తూ రావాలి. ఆ చూపు లేకపోతే ఎంత పెద్ద రాయి ఎత్తినా ఉత్త రాయే.

2024లో శ్రీవిజయపురం అని పేరు మారినా మా నోట ఇంకా పోర్ట్‌బ్లెయిర్ అనే వస్తుంది. అబర్డీన్ జెట్టీ పక్కన గట్టు మీద నేను నిలబడే చోటి నుంచి చూస్తే వేసవిలో పొద్దు రాస్ దీవి చెట్ల మీదుగా పొడుస్తుంది. చలికాలం వచ్చేసరికి దీవిని వదిలేసి కుడిపక్కకు జరిగి, నేరుగా నీళ్లలోంచి లేస్తుంది. చెయ్యి పూర్తిగా చాపి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు ఆకాశంలో సుమారు పది డిగ్రీలు. జూన్ పొద్దుకీ డిసెంబరు పొద్దుకీ మధ్య దూరం ఆ లెక్కన దాదాపు అయిదు పిడికిళ్లు. సూర్యుడు ఏడాదికి ఒకసారి ఆ మేర దక్షిణానికి వెళ్లి మళ్లీ తిరిగొస్తాడు. ఉత్తరాయణం, దక్షిణాయనం అని పంచాంగంలో చదువుకునేది ఇదే.

అన్ని రోజులూ ఒకే వేగంతో జరగడు. మార్చిలో, సెప్టెంబరులో పొద్దు పొడిచే చోటు రోజుకు 0.4 డిగ్రీలు కదులుతుంది. సూర్యబింబం వెడల్పే అర డిగ్రీ కాబట్టి, నిన్నటి చోటికీ ఇవాళ్టి చోటికీ ఇంచుమించు ఒక బింబం తేడా. వరసగా నాలుగు రోజులు చూస్తే ఎవరికైనా తెలిసిపోతుంది. అదే డిసెంబరు మూడో వారంలో చూడండి, పది రోజులైనా పొద్దు ఉన్నచోటే లేస్తున్నట్టు ఉంటుంది. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే ప్రపంచంలో సూర్యుడికి గురిపెట్టిన కట్టడాల తత్వం సగం బోధపడుతుంది.

మన అరసవల్లినే తీసుకుందాం. మార్చి 10 ప్రాంతంలో, మళ్లీ అక్టోబరు 2 ప్రాంతంలో తెల్లవారుజామున వచ్చే తొలి కిరణాలు గోపురం మధ్యగా దూరి, అనివెట్టి మండపం దాటి, గర్భగుడిలో సూర్యనారాయణ స్వామి పాదాలను తాకుతాయి. మబ్బు పట్టిందా, ఆ ఏటికి అంతే. ఈ గుడిని 7వ శతాబ్దంలో తూర్పు గాంగ రాజు దేవేంద్రవర్మ కట్టించాడని చెబుతారు. ఈ రెండు తేదీలు ఎందుకన్నది లెక్క వేసి చూస్తే ఒళ్లు పులకరిస్తుంది. అక్టోబరు 2 నుంచి డిసెంబరు 21 దాకా 80 రోజులు. అక్కణ్ణించి మార్చి 10 దాకా 79. సూర్యుడు దక్షిణానికి పోతూ ఒకసారి, తిరిగి వస్తూ ఒకసారి అదే గుమ్మం ముందు నుంచి నడుస్తున్నాడన్నమాట. రెండుసార్లూ ఆయన భూమధ్యరేఖకు దక్షిణంగా సుమారు 4 డిగ్రీల దూరంలో ఉంటాడు. గుడి చూపు ఆ ఒక్క దిశకే.

పైగా ఇవి సూర్యుడు వడివడిగా కదిలే రోజులు. అందుకే వెలుగు పాదాల మీద రెండు మూడు రోజులు మాత్రమే పడి మాయమవుతుంది. ఐర్లండ్‌లోని న్యూగ్రేంజ్ సమాధి కథ దీనికి భిన్నం. క్రీ.పూ. 3200 ప్రాంతంలో కట్టిన ఆ మట్టిదిబ్బ లోపలికి, గుమ్మం పైనున్న చిన్న కిటికీ గుండా, ఏడాదిలో అతి చిన్న పగలు ఉన్న రోజుల్లో ఎండ ప్రవేశిస్తుంది. అక్కడ వాళ్లు ఎంచుకున్నది సూర్యుడు ఆగినట్టుండే కాలం గనుక, ఆ తేదీకి అటూ ఇటూ మరికొన్ని రోజులు కూడా వెలుగు లోపలికి వస్తుంది. ఒక మబ్బు రోజు పోయినా మర్నాడు ఆశ ఉంటుంది. నాకైతే అరసవల్లి వాళ్లు ఎంచుకున్నదే కష్టమైన పని అనిపిస్తుంది. ఈజిప్టులో రెండవ రామ్సెస్ కట్టించిన అబూ సింబెల్‌లోనూ ఫిబ్రవరి 22, అక్టోబరు 22 అని తేదీలు జంటగానే వస్తాయి. డిసెంబరు 21కి అటొక అరవై రోజులు, ఇటొక అరవై పైచిలుకు. అస్వాన్ ఆనకట్ట నీళ్లలో మునిగిపోకుండా 1960లలో ఆ కొండగుడిని కోసి, 60 మీటర్లకు పైగా ఎత్తున మళ్లీ పేర్చినప్పుడు దిక్కు చెడకుండా చూసుకున్నారు. అది చెడితే ఇక మిగిలేది బొమ్మలే.

నారాయణపేట జిల్లాలో కృష్ణ ఒడ్డున ముడుమాల్ ఉంది. పొలాల మధ్య మనిషికి రెండింతల ఎత్తున నిలువురాళ్లు, వాటి చుట్టూ వరసలు కట్టిన వందలాది చిన్న రాళ్లు. ఒక రాతిని ఊరివాళ్లు ఎల్లమ్మగా కొలుస్తారు. ఇంకో రాతి మీద చిన్న చిన్న గుంటలు తొలిచి సప్తర్షి మండలాన్ని చెక్కారు. హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఆచార్యుడు కె.పి.రావు ఏళ్ల తరబడి అక్కడ పనిచేసి, కొన్ని రాళ్ల వరసలు అయనాంతాల నాటి పొద్దుకు ఎదురుగా ఉన్నాయని చూపించారు. 2025లో అది యునెస్కో తాత్కాలిక జాబితాకు ఎక్కింది. సూర్యుడు కదలనట్టుండే ఆ పది రోజుల్లో అయనం తిరిగే రోజు ఏదో రాతి వరసకు ఎలా తెలుస్తుంది? దీనికి మోటుగా కనిపించే ఒక మంచి ఉపాయం ఉంది. పొద్దు ఏదో ఒక గుర్తు దాటి వెళ్లిన రోజున గులకరాళ్లు లెక్కపెట్టడం మొదలెట్టాలి. తిరిగి అదే గుర్తు దగ్గరికి వచ్చేదాకా రోజుకొకటి వేయాలి. పోగైన రాళ్లలో సగం తీస్తే ఆ రోజు దొరుకుతుంది. చదువు, పనిముట్లు ఏవీ అక్కర్లేదు. రోజూ తెల్లవారుజామున లేచే మనిషి ఉంటే చాలు.

దిక్కు పెట్టడం దీనికన్నా చిన్న పని, చేసి చూస్తే ఎంతో తృప్తినిచ్చే పని. మొన్న జనవరిలో ఇక్కడ ఒక చిన్న అమ్మవారి గుడికి ముగ్గు పోయడానికి మేస్త్రి సిద్ధమవుతున్నాడు. శ్రీకాకుళం వైపు మనిషి. ఈ దీవుల్లో మనవాళ్లు తక్కువేం కాదు, 2011 జనాభా లెక్కల్లో నూటికి పదముగ్గురు తెలుగు మాట్లాడేవాళ్లే. ఫోన్‌లోని దిక్సూచి పట్టుకుని అటూ ఇటూ తిరుగుతున్నాడు. "మాస్టారూ, ఇక్కడ పెడితే తూర్పు ఒకలా చూపిస్తోంది, అక్కడ పెడితే ఇంకోలా చూపిస్తోంది. ఏది నమ్మమంటారు?" అన్నాడు. పక్కనే ఇనుప చువ్వల మోపు ఉంది. ఇనుము దగ్గర దిక్సూచి మాట నమ్మడానికి వీల్లేదు.

నేల చదును చేసి, నీళ్లు పోసి ఎటు పారుతున్నాయో చూసి, ఇంకోసారి చదును చేశాం. దారానికి గుండు కట్టి చూసుకుంటూ మూరెడు పుల్లను నిటారుగా పాతాం. దాని మొదట్లో తాడు తగిలించి చుట్టూ వలయం గీశాం. పొద్దున నీడ పొడుగ్గా వలయం దాటి ఉంటుంది, పొద్దెక్కేకొద్దీ లోపలికి లాక్కుంటుంది. ఎనిమిదిన్నర ప్రాంతంలో నీడ కొస సరిగ్గా గీతను తాకింది. అక్కడ మేకు కొట్టాం. భోజనాలయ్యాక, నీడ రెండో పక్కన సాగుతూ రెండూ ఇరవై ప్రాంతంలో మళ్లీ గీతను తాకింది. అక్కడొక మేకు. రెండు మేకులకూ నూలు లాగితే అది తూర్పు పడమరల గీత. మేస్త్రి వంగి ఒక కన్ను మూసి దారం వెంబడి చాలాసేపు చూశాడు. తర్వాత ఏమీ అనకుండా ఫోన్ జేబులో పెట్టుకుని ముగ్గుడబ్బా అందుకున్నాడు.

ఇది కాత్యాయన శుల్బసూత్రంలో ఉన్న పద్ధతే. మయమతంలోనూ ఉంది. పగలు గడిచేలోపే సూర్యుడు కాస్త ఉత్తరానికో దక్షిణానికో జరుగుతాడు గనుక నీడకు ఎంత సవరణ వేయాలో కూడా మయమతం నెలవారీగా చెబుతుంది. అంత సూక్ష్మం పట్టుకున్నారంటే ఎన్ని వందల వలయాలు గీసి ఉంటారో ఊహించండి. ఇంకో మాట. ఎనిమిదిన్నరకూ రెండూ ఇరవైకీ సరిగ్గా నడుమ పదకొండూ పాతిక. జనవరిలో మా ఊరి అసలు మధ్యాహ్నం అదే. దేశమంతా నడిచే గడియారం కాకినాడ పక్కనుంచి పోయే 82.5 డిగ్రీల రేఖది. మేం దానికి తూర్పున పది డిగ్రీలు అవతల ఉన్నాం. అందుకే చలికాలం సాయంత్రం అయిదింటికే దీపాలు పెట్టుకుంటాం.

రాత్రి ఆకాశం లెక్క జంగ్లీఘాట్ జాలర్లకు తెలుసు. ఇప్పుడు పడవల్లో జీపీఎస్ ఉంది, ఉండాల్సిందే. పెద్దవాళ్లు మాత్రం వేగుచుక్క, పిల్లలకోడి అంటూ ఇప్పటికీ చూసుకుంటారు. శ్రీకాకుళం తీరంలో ధ్రువ నక్షత్రం దిగంతానికి దాదాపు రెండు పిడికిళ్ల పైన ఉంటుంది. పోర్ట్‌బ్లెయిర్‌లో ఒక పిడికిలి దాటి కాస్త. క్యాంప్‌బెల్ బే వెళ్తే పిడికిలి కూడా ఉండదు. మనం ఎంత దక్షిణానికి వచ్చామో ఆ చుక్క చెప్పేస్తుంది, మన అక్షాంశమే దాని ఎత్తు.

రాయి ముట్టకుండా కాలాన్ని పట్టుకున్నవాళ్లు ఈ దీవుల్లో మనకన్నా ఎంతో ముందున్నారు. అండమాన్ ఆదివాసులు ఏ కాలంలో ఏ చెట్టు పూస్తుందో, అడవి ఏ వాసన వేస్తుందో దాన్నిబట్టి ఏడాదిని విభజించుకునేవాళ్లు. ఈడొచ్చిన ఆడపిల్లకు అప్పుడు పూస్తున్న పువ్వు పేరు పెట్టేవాళ్లు. 1922లో అచ్చయిన రాడ్‌క్లిఫ్ బ్రౌన్ పుస్తకంలో ఇదంతా వివరంగా ఉంది. నికోబారీలు చెక్క మీద గాట్లు పెట్టి రోజులూ నెలలూ లెక్కగట్టేవాళ్లు, ఏడాదిని రెండు రుతుపవనాలుగా చూసేవాళ్లు. వాళ్లు కట్టడాలు కట్టలేదు గనుక ఖగోళం తెలియదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. నేలనూ గాలినీ ఆకాశాన్నీ అంత దగ్గరగా చూసినవాళ్లకు గుర్తుకోసం కొండరాయి ఎత్తాల్సిన అవసరం రాలేదు, అంతే.

ఇక్కడి నేల కూడా రాళ్లను నమ్ముకునే నేల కాదు. 2004 డిసెంబరు 26 భూకంపంలో గ్రేట్ నికోబార్ దక్షిణ కొస ఇందిరా పాయింట్ 4 మీటర్లకు పైగా కుంగింది. గట్టు మీదున్న దీపస్తంభం చుట్టూ సముద్రం వచ్చి చేరింది. పోర్ట్‌బ్లెయిర్ శివార్లలో సిప్పీఘాట్ పొలాలు ఉప్పునీళ్ల పాలయ్యాయి. ఉత్తర అండమాన్‌లో పగడపు దిబ్బలు పైకి లేచి ఎండిపోయాయి. అంత జరిగినా మర్నాటి పొద్దు నిన్నటి లెక్క ప్రకారమే పొడిచింది. ఆ వారం సర్వం పోగొట్టుకున్నవాళ్లకు ఇది ఓదార్పు అని అనలేను. కానీ మళ్లీ ఇల్లు కట్టుకున్న రోజున గుమ్మం ఎటు పెట్టాలో చూసుకోవడానికి పాత పుల్ల, పాత ఎండ ఉన్నాయి.

బడిపిల్లల చేత ఈ పని చేయించమని దీవుల్లోని ఉపాధ్యాయులందరినీ అడుగుతున్నాను. అందుకు మనకున్న అవకాశం ఢిల్లీ పిల్లలకు లేదు, అక్కడ సూర్యుడు ఎన్నడూ నడినెత్తికి రాడు. మనకు ఏడాదికి రెండుసార్లు వస్తాడు. పోర్ట్‌బ్లెయిర్‌లో ఏప్రిల్ 20 ప్రాంతంలో, మళ్లీ ఆగస్టు 22 ప్రాంతంలో నిటారు పుల్లకు మిట్టమధ్యాహ్నం నీడ ఉండదు. ఆ రెండు తేదీల నడుమ నాలుగు నెలలూ మధ్యాహ్నపు నీడ దక్షిణానికి పడుతుంది. ఆగస్టులో ఈ నీడలేని రోజు దీవుల వెంబడి కిందికి దిగుతూ పోతుంది. డిగ్లీపూర్‌లో 17 ప్రాంతం, పోర్ట్‌బ్లెయిర్‌లో 22, హట్‌బేలో 25, కార్ నికోబార్‌లో 29, క్యాంప్‌బెల్ బేలో సెప్టెంబరు 4. పన్నెండు కొట్టేదాకా ఆగితే దాటిపోతుంది, పదకొండూ పదికల్లా పుల్ల దగ్గర ఉండాలి. ఆగస్టు గనుక మబ్బు పట్టొచ్చు, అందుకని ముందు రోజూ తర్వాత రోజూ కూడా చూడాలి. నీడ ఎన్ని గంటలకు పుల్ల మొదట్లోకి చేరిందో, ఏ ఊళ్లో చూశారో రాసి పంపితే అన్ని బడుల లెక్కలూ పక్కపక్కన పెట్టి ఈ కాలమ్‌లోనే వేస్తాను.