మావోరీల సీటు, ఇంటర్నెట్ పార్టీ సవారీ

సాంకేతిక విజ్ఞానమే మా జెండా అని చెప్పుకుంటూ ఒక కొత్త పార్టీ వస్తే, అణగారిన జనం దానికి ఓటు వెయ్యాలా వద్దా? ఈ ప్రశ్న మన మేధావుల దగ్గరికి తీసుకుపోతే రెండే జవాబులు దొరుకుతాయి. కంప్యూటరుకి కులం లేదు కాబట్టి వెయ్యండి అనేది ఒకటి. కంప్యూటరు పెట్టుబడిదారుడి చేతి పనిముట్టు కాబట్టి వెయ్యొద్దు అనేది రెండోది. మొదటి మాట చెప్పేవాడి పిల్లలు అమెరికాలో ఉంటారు. రెండో మాట చెప్పేవాడి పిల్లలూ అక్కడే ఉంటారు. ఓటు తప్ప వేరే ఆస్తి లేనివాడి వైపు నుంచి ఈ లెక్క తేల్చినవాళ్ళు మాకు కనపడలేదు.

ఆ లెక్క కోసం మేము న్యూజీలాండ్‌లో 2014లో జరిగిన ఎన్నికని తీసుకుంటున్నాం. అంత దూరం ఎందుకంటారా? 1932లో మన చేతికి అందినట్టే అంది జారిపోయిన హక్కు లాంటిది అక్కడి మూలవాసులైన మావోరీలకి ఉంది కాబట్టి. 1867 చట్టంతో వాళ్ళకి పార్లమెంటులో నాలుగు ప్రత్యేక సీట్లు వచ్చినయి. 2002 నుంచి అవి ఏడు. మావోరీ జాబితాలో పేరు నమోదు చేయించుకున్నవాళ్ళే ఆ సీట్లలో ఓటు వేస్తారు. అంబేడ్కర్ రౌండ్ టేబుల్ సమావేశాల్లో కొట్లాడింది ఇట్లాంటి దాని కోసమే గదా. పూనా ఒడంబడికలో మన సీట్లు 148కి పెరిగినయి గానీ, ఆ సీట్లో ఎవరు కూర్చోవాలో తేల్చే అధికారం ఊరందరి చేతికీ పోయింది. ఆ ఒడంబడికకి యాభై ఏళ్ళు నిండినప్పుడు, 1982లో, కాన్షీరాం ‘చెంచా యుగం’ రాసింది ఈ బాధతోనే. ప్రత్యేక సీట్లుంటే అంతా బాగుపడుతుందని మేము అనడం లేదు. మావోరీ సీట్లు కూడా దశాబ్దాల పాటు లేబర్ పార్టీ జేబులోనే ఉండిపోయినయి. కానీ జేబులోంచి బయటికి దూకే వీలైనా ఆ పద్ధతిలో ఉంది.

అట్లా దూకినవాడే హోనే హరవీరా. తె తై తోకెరౌ అనే ఉత్తరాది మావోరీ సీటు ఆయనది. 2004లో పుట్టిన మావోరీ పార్టీ 2008 నుంచి సంపన్నుల పక్షమైన నేషనల్ పార్టీ సర్కారుకి కొమ్ము కాస్తుంటే, 2011లో బయటికొచ్చి ‘మనా’ అనే పార్టీ పెట్టాడు. సీటుకి రాజీనామా చేసి ఉప ఎన్నికలో మళ్ళీ గెలిచాడు. పేద బడుల్లో పిల్లలకి పొద్దున టిఫినూ, మధ్యాహ్నం భోజనమూ సర్కారే పెట్టాలని బిల్లు తెచ్చాడు. 2011 సాధారణ ఎన్నికల్లో మనాకి దేశం మొత్తం మీద పార్టీ ఓట్లు 24,168, అంటే 1.08 శాతం. చిన్న పార్టీయే. కానీ వాడవాడా తిరిగి తెచ్చుకున్న ఓట్లు అవి.

ఇంటర్నెట్ పార్టీ పుట్టుక వేరు. మెగాఅప్‌లోడ్ అనే వెబ్‌సైటుతో కోట్లు గడించిన జర్మన్ వ్యాపారి కిం డాట్‌కాం దాన్ని 2014లో పెట్టాడు. 2012 జనవరిలో పోలీసులు హెలికాప్టర్లేసుకుని అతని బంగళా మీద దిగారు. అమెరికాకి అప్పగింత కేసు మెడ మీద వేలాడుతోంది. ప్రభుత్వ గూఢచారి సంస్థ అతని మీద చట్టవిరుద్ధంగా నిఘా పెట్టిందని తేలి, అదే ఏడాది ప్రధాని జాన్ కీ క్షమాపణ చెప్పాల్సొచ్చింది. పౌరసత్వం లేదు కాబట్టి డాట్‌కాం పోటీ చెయ్యలేడు. డబ్బు పెట్టగలడు. 35 లక్షల న్యూజీలాండ్ డాలర్లు పెట్టాడు. చవక ఇంటర్నెట్, నిఘాకి అంతం, ఉచిత ఉన్నత విద్య అనేవి పార్టీ నినాదాలు. ఇందులో మనం కాదనేది ఏముంది?

చిక్కు అక్కడి ఎన్నికల నిబంధనలో ఉంది. పార్టీ ఓట్లలో 5 శాతం రావాలి, లేదా ఒక్క నియోజకవర్గమైనా గెలవాలి. రెండింట్లో ఏదీ లేకపోతే ఆ పార్టీకి జాబితా సీట్లు రావు. కొత్త పార్టీకి 5 శాతం కల్ల. గెలిచే సీటు ఒకటి కావాలి. అది హరవీరా దగ్గరుంది. 2014 మే నెలలో రెండు పార్టీలూ ఉమ్మడి జాబితా మీద సంతకాలు చేసినయి. ఒకటి, మూడు, నాలుగు స్థానాలు మనాకి. రెండు, అయిదు, ఆరు ఇంటర్నెట్ పార్టీకి. ఎన్నికలైన ఆరు వారాల దాకా అన్నా ఈ పొత్తు ఉంటుందట! కౌలు కాగితం కూడా ఇంతకంటే ఎక్కువ కాలానికే రాస్తారు.

మనా లోపల పెద్ద తగువే నడిచింది. చాలా కాలంగా పేదల ఉద్యమాల్లో ఉన్న స్యూ బ్రాడ్‌ఫర్డ్, పేదల పార్టీ ఒక కోటీశ్వరుడి వెంట పోవడమేంటని రాజీనామా చేసింది. పొత్తు కోరినవాళ్ళ వాదనా తేలిగ్గా తీసెయ్యదగింది కాదు. పేదల పార్టీకి డబ్బెవరిస్తారు? ఇంకొక ఎంపీ పార్లమెంటులోకి వస్తే చేదా? ఇంటర్నెట్ పార్టీ నాయకురాలిగా వచ్చిన లైలా హారే కూడా షావుకారు మనిషి కాదు, కార్మిక సంఘాల నుంచి వచ్చి, వామపక్ష మంత్రిగా చేసిన మనిషి. డబ్బున్నోడి డబ్బు ముట్టొద్దని నీతులు చెప్పడం కడుపు నిండినోళ్ళకి సులువు. అందుకని బ్రాడ్‌ఫర్డ్ చెప్పిన కారణం మాకు సరిపోదు. డబ్బు తీసుకోవడం తప్పని మేము అనం. ఆ డబ్బుకి బదులుగా తాకట్టు పెట్టిందేమిటని అడుగుతాం.

ఎన్నిక 2014 సెప్టెంబర్ 20న జరిగింది. ఉమ్మడి జాబితాకి 34,094 ఓట్లు, 1.42 శాతం వచ్చినయి. 2011లో మనా ఒంటరిగా తెచ్చుకున్న వాటి మీద పెరిగింది పది వేల లోపే. లక్షల డాలర్లు, ఊరూరా పార్టీ సభలు, వస్తారన్న యువతరం అంతా కలిపి ఇంతే. తె తై తోకెరౌలో హరవీరాకి 8,969, లేబర్ అభ్యర్థి కెల్విన్ డేవిస్‌కి 9,712. డేవిస్ కూడా మావోరీయే. 743 ఓట్లతో సీటు పోయింది, సీటుతో పాటు జాబితా మొత్తం పోయింది. తన పేరే విషమైందని డాట్‌కాం ఆ రాత్రి ఒప్పుకున్నాడు. ఒకవేళ హరవీరా గెలిచినా, ఆ 1.42 శాతంతో వచ్చేవి ఇద్దరికి సరిపడా సీట్లు. రెండో పేరు ఎవరిది? లైలా హారేది. అంటే మావోరీల సీటు మీద ఎక్కి ముందుగా లోపలికి పోయేది ఇంటర్నెట్ పార్టీ. మూడో స్థానంలో ఉన్న మనా మనిషి గడప బయటే నిలబడుతుంది. పొత్తుల్లో మన ఓటు వాళ్ళకి పోతుంది గానీ వాళ్ళ ఓటు మనకి రాదని బీఎస్పీ ఎన్నోసార్లు చెప్పిన మాట ఇక్కడ అంకెల్లో కనపడుతుంది.

నిఘా సంగతి చూడండి. ఎన్నికకి అయిదు రోజుల ముందు ఆక్లాండ్ టౌన్ హాల్లో పెద్ద సభ పెట్టారు. గ్లెన్ గ్రీన్‌వాల్డ్ వచ్చాడు, స్నోడెన్, అసాంజ్ తెర మీద మాట్లాడారు. ప్రపంచమంతా చూసింది. కానీ 2007 అక్టోబర్ 15న తూహోయ్ తెగ ఊరు రువాతోకికి పోయే దారిలో సాయుధ పోలీసులు అడ్డం నిలబడి, వచ్చేపోయేవాళ్ళని ఆపి ఫొటోలు తీసిన నాడు ఇంటర్నెట్ పార్టీ లేదు. మన ఎరుకల వాళ్ళ మీద నేరస్థ జాతుల చట్టం నీడ పడి, పేర్లు నమోదు చేయించుకుని, హాజరు పలికి బతికిన కాలంలో ‘వ్యక్తిగత గోప్యత’ అనే మాటే ఎవరి నోటా లేదు. ఈమెయిలు చదివితే స్వేచ్ఛకి భంగం. ఊరంతటినీ నిలబెట్టి సోదా చేస్తే శాంతిభద్రతలు! నిఘా గురించి చెప్పాల్సినవాళ్ళు తూహోయ్‌లు. ఈ కూటమిలో వాళ్ళు వినేవాళ్ళయ్యారు.

సాంకేతిక పార్టీల్లో ఈ గుణం న్యూజీలాండ్‌కే పరిమితం కాదు. 2011లో బెర్లిన్ నగర శాసనసభకి పైరేట్ పార్టీ 8.9 శాతం ఓట్లతో 15 మందిని పంపింది. అందులో ఆడమనిషి ఒక్కతే. మేము ఆడా మగా లెక్కే పెట్టం అని ఆ పార్టీ గొప్పగా చెప్పుకునేది. ‘మాకు కులం పట్టింపు లేదండీ’ అనే మాట యూనివర్సిటీలో మేమూ రోజూ విన్నదే. లెక్క పెట్టనిచోట ఎవరు మిగులుతారో బెర్లిన్ చూపించింది. (అసలు సాంకేతికత అంటే ఏంటనేది కూడా వాళ్ళే తేలుస్తారు. తంగేడు చెక్కతో లందలో తోలు ఊనిన మా తాతల పనిని రసాయన శాస్త్రమని ఎవరన్నారు?) ఇక మనదగ్గర సాంకేతికత కొత్త పార్టీగా కాదు, ఏకంగా ప్రభుత్వంగానే వచ్చింది. 1998లో హైటెక్ సిటీ, 1999లో విజన్ 2020. 2004లో జనం ఆ ప్రభుత్వాన్ని దించారు.

మరి తె తై తోకెరౌ ఓటరు ఏం చెయ్యాల్సింది? అతనికి రెండు ఓట్లు. ఒకటి అభ్యర్థికి, ఒకటి పార్టీకి. మనా అభ్యర్థిగా నిలబడ్డ హరవీరాకి ఒకటేసి, రెండోది ఉమ్మడి జాబితాకి వెయ్యకుండా ఉండొచ్చు. కానీ హరవీరా గెలిస్తే, మిగతా దేశం వేసిన పార్టీ ఓట్లతో జాబితా ఎట్లాగూ లోపలికి పోతుంది. ఇష్టం లేనివాడిని దించకుండా మనవాడిని ఎక్కించే దారి లేదు. మేమైతే అయినా హరవీరాకే వేసేవాళ్ళం, పార్టీ ఓటు మాత్రం ఇవ్వం. ఒప్పందం రాసుకున్న రోజే రెండో స్థానం మనాకి అడక్కపోవడం హరవీరా చేసిన అసలు నష్టం. సీటు ఉన్నది తన దగ్గర. బేరంలో బలం తనదే. అయినా బీదవాడిలా అడిగాడు.

2014 డిసెంబర్‌లో పొత్తు రద్దయింది. హరవీరా పార్లమెంటులో లేకపోయేసరికి బడి పిల్లల తిండి బిల్లుని గ్రీన్ పార్టీ నాయకురాలు మెటిరియా టురేయ్ తన పేరు మీదికి తీసుకుంది. 2015 మార్చిలో అది మొదటి చదువులోనే వీగిపోయింది. బడుల్లో సర్కారు భోజనం పథకం 2020లో గానీ మొదలు కాలేదు.