వర్తక నగరం, కృతిభర్త, కవి: విశాఖపట్నం నేపథ్యంలో ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

'వర్తక నగరాల సంపద వల్లనే కళలు, విద్యలు మళ్లీ వికసించాయి' అనే సూత్రాన్ని మీరు ఐరోపా చరిత్రలో చదివి ఉంటారు. ఫ్లారెన్స్ దీనికి ప్రసిద్ధ ఉదాహరణ. అక్కడి ఉన్ని వర్తకుల సంఘం ప్రధాన చర్చి నిర్మాణ బాధ్యతను వహించింది. బ్యాంకు వ్యాపారులైన మెదీచీలు ప్లేటో గ్రంథాలను లాటిన్‌లోకి అనువదింపజేశారు. ఈ సూత్రం తెలుగు సాహిత్యానికి, ముఖ్యంగా రేవు నగరమైన విశాఖపట్నానికి, ఎంతవరకు వర్తిస్తుంది? దీన్ని పరిశీలించడానికి మన సాహిత్యంలోనే ఒక ఆధారం ఉంది. అది కృతి సమర్పణ. గ్రంథం ఎవరికి అంకితమైందో గమనిస్తే, రచయితకూ సంపదకూ గల సంబంధం కొంత తెలుస్తుంది.

వర్తకుడే కృతిభర్త

శ్రీనాథుడు 'హరవిలాసము'ను అవచి తిప్పయ్యసెట్టికి అంకితమిచ్చాడు. తిప్పయ్యసెట్టి కొండవీటి ప్రభువు కుమారగిరిరెడ్డికి సుగంధద్రవ్యాలు సమకూర్చిన వర్తకుడు. ఆ కావ్యం అవతారికలో దూరదేశాల నుంచి వచ్చే కర్పూరం, గుర్రాలు, ఏనుగులు పద్యాలకెక్కాయి. శివభక్తుడైన చిరుతొండనంబి అనే సెట్టి కథ కావ్యంలో చోటుచేసుకుంది. అంటే వర్తకం ఇక్కడ కవికి పోషణతో పాటు వస్తువునూ ఇచ్చింది. పై సూత్రం ఈ కావ్యానికి చక్కగా సరిపోతుంది.

జమీందారు పోషణ

విశాఖకు సమీపంలోని విజయనగరంలో గురజాడ 'కన్యాశుల్కం' వెలువడింది. 1897 నాటి తొలి ముద్రణను ఆయన ఆనందగజపతి మహారాజుకు అంకితం చేశారు. ఇక్కడి పోషకుడు వర్తకుడు కాడు, భూస్వామ్య ప్రభువు. విద్యారంగంలోనూ ఇదే కనిపిస్తుంది. 1926లో బెజవాడలో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయం 1930లో వాల్తేరుకు తరలింది. జయపురం మహారాజు విక్రమదేవవర్మ దానికి ఏటా లక్ష రూపాయల విరాళం ప్రకటించారు. మాంగనీసు ఖనిజం ఎగుమతికి ఉపయోగపడిన హార్బరు 1933లో గాని ఓడలకు తెరుచుకోలేదు. కాబట్టి విశాఖలో ఉన్నత విద్య రేవు లాభాలతో మొదలైందని చెప్పడం సరికాదు.

కృతిభర్త మారిన సందర్భం

విశాఖలో 1910లో పుట్టిన శ్రీశ్రీ 'మహాప్రస్థానం' గీతాలలో ఎక్కువ భాగాన్ని 1930లలో రాశారు. హార్బరు ప్రారంభమైందీ ఆ దశకంలోనే. ఈ రెంటినీ కలిపి కార్యకారణ సంబంధం చెప్పాలని అనిపించవచ్చు. కాలం కలిసినంత మాత్రాన కారణం కలిసినట్లు కాదు. 1950లో పుస్తకం వచ్చినప్పుడు అది ఏ షావుకారుకూ, ఏ రాజాకూ అంకితం కాలేదు. 1937లో చిన్న వయసులోనే కన్నుమూసిన సాహితీ మిత్రుడు కొంపెల్ల జనార్దనరావుకు అంకితమైంది. తిప్పయ్యసెట్టి నుంచి కొంపెల్ల దాకా జరిగిన ఈ ప్రయాణమే ఆధునికతకు ఒక గుర్తు.

విశాఖలో న్యాయవాదిగా పనిచేసిన రాచకొండ విశ్వనాథశాస్త్రి రచనల్లో డబ్బు పాత్ర మరింత మారింది. 'అల్పజీవి'లో గుమాస్తా సుబ్బయ్య కాంట్రాక్టరు గవరయ్య దగ్గర చేబదులు తీసుకుని భయంతో కుంగిపోతాడు. 'ఆరు సారా కథలు' మద్యనిషేధం చుట్టూ అల్లుకున్న పోలీసులు, కోర్టులు, పేదల లోకాన్ని చూపుతాయి. ఒకప్పుడు అవతారికలో పొగడ్తలందుకున్న సంపద ఇక్కడ కథలోకి దిగి, బోనులో నిలబడింది.

ముగింపు

ఈ వాదానికి ఒక అభ్యంతరం ఉంది. శ్రీశ్రీ విశాఖలోని ఏ.వి.ఎన్. కళాశాలలో డిమాన్‌స్ట్రేటరుగా పనిచేశారు. రావిశాస్త్రికి ఇక్కడి కోర్టులే జీవనాధారం. నగరమే లేకపోతే ఈ రచయితలకు జీతం, జీవితానుభవం, పాఠకులు ఎక్కడివి? ఈ ప్రశ్న న్యాయమైనదే. అందుచేత సూత్రాన్ని తోసిపుచ్చకుండా సవరించుకోవాలి. సంపద మనుషులను ఒకచోట చేర్చగలదు, విద్యాలయాలు కట్టగలదు. కానీ రచయిత ఎవరి పక్షాన నిలవాలో అది నిర్ణయించలేదు. పోషకుడి స్థానంలోకి పాఠకుడు వచ్చాకే విశాఖ సాహిత్యానికి ఆ స్వేచ్ఛ దక్కింది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

మీ జిల్లా రచయితల పుస్తకాలు రెండు తీసుకోండి. ఒకటి పాతది, ఒకటి కొత్తది కావాలి. అవి ఎవరికి అంకితమయ్యాయో, ఆ అంకితానికీ లోపలి వస్తువుకూ పొంతన ఉందో లేదో పది వాక్యాలలో వివరించండి.