ముందు తల, తర్వాత లోహం

ఈ వారం ఒక కుర్రాడు తన తాతగారి సైకిల్ సీటు తెచ్చి చూపించాడు. బందరు దగ్గర పల్లెలో అటక మీద దొరికిందట. తోలు ఇంకా దిట్టంగానే ఉంది. కానీ ముక్కు దగ్గర ఎవరో గన్నుతో అల్యూమినియం పాప్ రివెట్లు కొట్టి పంపేశారు. రేకు సామానుకు వాడే సరుకు అది. వాటి చిన్న తలలు తోలులోకి దిగబడి, చుట్టూ చీలిక మొదలైంది. నాకు ఒళ్లు మండింది.

నాకు రాగి రివెట్టంటే ఎంత ఇష్టమో ఈ కాలమ్ చదివేవాళ్లకు తెలుసు. కారణం మన గాలే. డెల్టాలో తేమ ఎక్కువ. తంగేడు చెక్కలాంటి వాటితో పదును చేసిన తోలులో టానిన్ ఉంటుంది. తడి తగిలితే అది ఇనుముతో కలిసి నల్లటి మరక కడుతుంది. ఆపైన తుప్పు తోలును తినేస్తుంది. రాగికి పట్టేది పచ్చటి చిలుము, తుడిస్తే పోతుంది. పైగా రాగి చెప్పినమాట వింటుంది. ఎర్రగా కాల్చి చల్లారిస్తే మెత్తబడుతుంది, సుత్తి దెబ్బలు పడేకొద్దీ మళ్లీ గట్టిపడుతుంది. కాడను దాని మందానికి ఇంచుమించు ఒకటిన్నర రెట్లు మిగిల్చి కోసి, చిన్న దెబ్బలతో చుట్టూ మలచాలి. ఒక్క పెద్ద దెబ్బ వేస్తే కాడ లోపలే వంగిపోతుంది.

నా చిన్నప్పుడు సైకిల్ సీటు తెగితే గవర్నర్‌పేటలో చెప్పులు కుట్టే ఒక పెద్దాయన దగ్గరికి నాన్న నన్ను తీసుకెళ్లేవారు. ఆయన ముందు ఆరె, రంపె, ఆకురాయి, సుత్తి, మూడు కాళ్ల ఇనుప దిమ్మె ఉండేవి. పని మొదలుపెడితే మొదట ముక్కు బోల్టు వదులు చేసేవాడు. పాత రివెట్టును పైనుంచి ముట్టేవాడు కాదు. లోపలివైపు విచ్చుకున్న అంచును ఆకురాయితో అరగదీసి, మొండి మేకుతో మెల్లగా బయటికి తోసేవాడు. తర్వాత డబ్బాలోని రివెట్లు గోనెపట్టా మీద పోసి, ఒక్కొక్కదాని తల అడుగున బొటనవేలితో రుద్ది చూసేవాడు. గరుకు తగిలితే పక్కన పడేసేవాడు. తీరా ఎంచినవి ఇనుప గొట్టం రివెట్లు! నాన్న రాగివి వేయమంటే, "తల చూడండి బాబూ, లోహం తర్వాత" అన్నాడు.

1866లో బర్మింగ్‌హామ్‌లో మొదలైన బ్రూక్స్ కంపెనీ కూడా మామూలు సీట్లకు ఉక్కు గొట్టం రివెట్లే వేసింది, పెద్ద రాగి తలలను ఖరీదైన రకాలకు ఉంచింది. తోలు సీటు ముక్కుకూ వెనక పట్టీకీ మధ్య ఉయ్యాలలా వేలాడుతుంది. మనిషి బరువంతా ఆ కన్నాల అంచుల మీదే లాగుతుంది. ఆ లాగుడును పంచేది తల వెడల్పు. అందుకే సన్నతల రాగి రివెట్టు కన్నా వెడల్పు తల ఉన్న ఇనప రివెట్టే మేలని నా తీర్పు. తల వెడల్పుగా, అడుగు నున్నగా ఉన్నవి రెండు లోహాల్లోనూ దొరికితే అప్పుడు రాగి తీసుకోండి. పాప్ రివెట్టు మాత్రం ఎంత తొందరున్నా వద్దు.

మీ ఇంట్లో అలాంటి సీటుంటే ప్రత్యేకమైన పనిముట్లు కొనక్కర్లేదు. మీ వీధి చివర చెప్పులు కుట్టే మనిషి దగ్గర అన్నీ ఉంటాయి. కన్నం చీలి ఉంటే లోపల తోలు ముక్క వేయమనండి. ఆయన అడిగిన కూలి ఇవ్వండి, బేరమాడకండి.