తొందరపడని తరంగం

పాట ఎత్తుకుని నిమిషం కూడా కాదు, ఎవరో ఈల వేసి చప్పట్లు కొట్టి ఆపేస్తారు. 1945 నవంబరు 26, న్యూయార్క్‌లో డబ్ల్యూ.ఓ.ఆర్. స్టూడియో. చార్లీ పార్కర్ ఆల్టో సాక్సఫోన్, డిజ్జీ గిలెస్పీ ట్రంపెట్ జంటగా మెరుపులాంటి ఎత్తుగడ ఒకటి వాయించి, అదే ఊపులో ‘చెరొకీ’ పాట వరస అందుకున్నారు. అది వేరొకరు కట్టిన పాట. ఆ వరస రికార్డులో వినబడితే కట్టినవారికి రాయల్టీ ఇచ్చుకోవాలి; అందుకే ఆపించారని చెబుతారు. రెండోసారి పార్కర్ ఆ వరస జోలికే పోలేదు. ఎత్తుగడ అయిందో లేదో, పాట అడుగున ఉండే స్వరమేళాల (కార్డ్స్) మీద నుంచి సూటిగా తన కల్పనలోకి దూకాడు. 64 బార్ల చుట్టు రెండుసార్లు తిరిగాడు. ఆ మూడు నిమిషాల లోపు సంగీతానికి ‘కోకో’ అని పేరు పెట్టారు. ఆధునిక జాజ్ అక్కడ పుట్టిందని ఇప్పటికీ చాలామంది అంటారు.

‘కోకో’ ఎక్కడైనా దొరుకుతుంది. ఆ ఈలతో ఆగిపోయిన మొదటి ప్రయత్నాన్ని ముందు వినిపించి, కాస్త ఊపిరి తీసుకోనిచ్చి, తర్వాత రెండోదాన్ని వినిపించే రేడియో మాత్రం నాకు తెలిసి ఒక్కటే. అది న్యూయార్క్‌లో కొలంబియా విశ్వవిద్యాలయం విద్యార్థులు నడిపే డబ్ల్యూ.కె.సి.ఆర్., 89.9 ఎఫ్.ఎం. ఆ క్రమంలో వింటే కలిగే ఆనందం వేరు. ఆగిపోయిన పాట చెవిలో ఉండగానే రెండోది మొదలవుతుంది. ఎత్తుగడ దాటి, ‘చెరొకీ’ రావలసిన చోట అది రాదు. రావలసిన వరస రాకపోవడాన్ని వింటాం. పార్కర్ ఏం వాయించాడన్నదే కాదు, ఏది వదిలేసి వాయించాడన్నది కూడా తెలుస్తుంది. వంద పేజీల విమర్శ చెప్పలేని మాటను రెండు రికార్డులు పక్కపక్కన పెట్టి చెప్పేశారు. నా దృష్టిలో ఇది కార్యక్రమ నిర్వహణ మాత్రమే కాదు, రసవిమర్శలో ఉత్తమ శ్రేణి.

ఇలా వినే చెవిని ఆ రేడియోకు అలవాటు చేసింది ప్రధానంగా ఫిల్ షాప్. 1951లో క్వీన్స్‌లో పుట్టాడు. తండ్రి వాల్టర్ 1930లలో పారిస్‌లో తొలితరం జాజ్ విమర్శకులతో కలిసి పనిచేసినవాడు. ఇంట్లో పిల్లవాణ్ణి కనిపెట్టుకుని ఉండే పని కొన్నాళ్లు కౌంట్ బేసీ బృందంలో డ్రమ్స్ వాయించిన జో జోన్స్‌దే. అలాంటి ఒళ్లో పెరిగిన మనిషి కొలంబియాలో విద్యార్థిగా ఉండగా 1970లో రేడియో గదిలో అడుగుపెట్టాడు. చదువు అయిపోయింది, తోటివాళ్లు వెళ్లిపోయారు, తరాలు మారాయి. ఆయన మాత్రం 2021లో కన్నుమూసేదాకా ఆ మైకు వదల్లేదు. 1981 నుంచి వారపు రోజుల్లో పొద్దున ఎనిమిదీ ఇరవైకి ‘బర్డ్ ఫ్లైట్’ అనే కార్యక్రమం నడిపాడు. బర్డ్ అంటే పార్కర్ ముద్దుపేరు. ప్రతి ఉదయం ఒకే ఒక్క కళాకారుడు. నలభై ఏళ్లు. పార్కర్ బతికిందే ముప్పై నాలుగేళ్లు!

ఆయన గొంతులో క్వీన్స్ యాస దట్టంగా ఉండేది. రికార్డు ఆగాక మొదలుపెడితే, ఆ పూట స్టూడియోలో ఎవరున్నారు, ఎవరు రాలేదు, అది ఏ వారం, ముందురోజు రాత్రి వీళ్లు ఏ క్లబ్బులో వాయించారు, ఇదంతా వచ్చేది. ‘కోకో’ సంగతే తీసుకోండి. గిలెస్పీ ట్రంపెట్ ఊదుతున్నాడు, పియానో దగ్గరా అతని పేరే ఉంది. అయితే ఏ క్షణంలో పియానో మీద ఎవరి చేతులున్నాయి? ఆ రోజు స్టూడియోలో ఉన్న మరో పియానో వాద్యకారుడివా? జాజ్ పండితులు దశాబ్దాలు నలిపిన ప్రశ్న ఇది. షాప్‌కు ఇలాంటి ప్రశ్న దొరికితే గడియారం గుర్తుండేది కాదు. పాట కంటే మాట ఎక్కువైందని విసుక్కున్నవాళ్లు లేకపోలేదు. నేను వాళ్ల పక్షం కాదు. ఆయన అన్నేసి నిమిషాలు తవ్వి తీశాక అదే రికార్డు మళ్లీ వినిపిస్తే, ఎత్తుగడ వెనక పియానో లేని ఖాళీ, ఆ ఖాళీలో మాక్స్ రోచ్ డ్రమ్స్ మీద ఆడించే బ్రష్షుల సరసర మొట్టమొదటిసారి చెవిన పడతాయి. ఆ సరసరను మనకు వినిపించడానికే ఆ ఉపన్యాసమంతా.

పార్కర్‌ను ప్రేమించినవాళ్లలో డీన్ బెనెడెటీ అని ఒకడుండేవాడు. 1947, 48 ప్రాంతాల్లో క్లబ్బులకు యంత్రం మోసుకెళ్లి, పార్కర్ వాయిస్తున్నంతసేపూ రికార్డు చేసి, మిగతావాళ్లు అందుకోగానే ఆపేసేవాడు. ఆ రికార్డులు చాలాకాలం కనబడకుండా పోయి, 1990లో బయటికి వచ్చాయి. వాటిని వినదగ్గ రూపానికి తెచ్చిన పనిలో షాప్‌ది పెద్ద చెయ్యి. తునకలు తునకలుగా ఉన్న ఆ సంగీతాన్ని వింటే ప్రేమ ఎంత ఏకాగ్రంగా ఉండగలదో తెలిసి ఒళ్లు గగుర్పొడుస్తుంది. కాని ‘బర్డ్ ఫ్లైట్’ ప్రేమ దానికి ఎదురు దారిలో నడిచింది. పార్కర్ చుట్టూ ఉన్న మనుషుల్ని, ఊరిని, రాత్రిని తిరిగి తెచ్చి నిలబెట్టి, మధ్యలో అతన్ని వాయించనిచ్చింది.

ఇంత తీరిక రేడియోకు ఎక్కడిది? అమెరికాలో 88 నుంచి 92 మెగాహెర్ట్జ్ దాకా ఉన్న తరంగాలను వాణిజ్యేతర, విద్యా ప్రసారాలకు కేటాయించారు. 89.9 ఆ గట్టు లోపలే ఉంది. అక్కడ ప్రకటనలు వేయకూడదు. ప్రకటన లేకపోతే పావుగంటకోసారి పాటను తెగ్గొట్టే అవసరం లేదు. శ్రోత చెయ్యి జారి పక్క స్టేషనుకు పోతాడేమోనన్న భయం లేదు. అసలు ఎఫ్.ఎం. ప్రసార విధానాన్ని 1930లలో రూపొందించిన ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్ ఈ కొలంబియాలోనే ఆచార్యుడు. గరగర లేని స్వచ్ఛమైన ధ్వని కోసం ఆయన పడ్డ తపనకు ఇంతకంటే తగిన వారసులు దొరకరు.

ఏటా కొన్ని రోజులు ఈ రేడియో తన కార్యక్రమాల పట్టికనంతా పక్కన పెట్టేస్తుంది. కళాకారుడి పుట్టినరోజు వస్తే ఇరవై నాలుగు గంటలూ అతని సంగీతమే. డిసెంబరు చివర్లో రోజుల తరబడి బాఖ్. పెద్ద వాద్యకారుడు పోయాడన్న కబురు వస్తే అనుకున్నవన్నీ ఆపి అతన్నే వినిపిస్తారు. పొగడ్తల కంటే ఆ ఆపేయడంలో ఎక్కువ గౌరవం ఉందనిపిస్తుంది నాకు. ఒక మనిషి జీవితకాలపు సంగీతాన్ని ఒక రోజంతా వింటే జరిగేది, ఎంపిక చేసిన పది పాటలు వింటే జరగదు. గొప్పవాటి మధ్య మామూలువి వస్తాయి. అలసిన పూటలు, డబ్బు కోసం వాయించినవి, అచ్చు తనలా లేనివి వస్తాయి. ఏ మూడో గంటలోనో మనిషి శ్వాస తెలియడం మొదలవుతుంది. పల్లవిని నెరవులు చేస్తూ విద్వాంసుడు ఎటు తిరగబోతున్నాడో కచేరీ మధ్యలో ముందే పసిగట్టే శ్రోత సుఖం మన సంగీతసభల్లో కూర్చున్నవాళ్లకు తెలుసు. పరదేశపు సంగీతంలో ఆ సుఖం నాకు అందించింది ఈ పుట్టినరోజులే.

ఆదివారం ఉదయం వీళ్లకు ‘మార్నింగ్ రాగాస్’ అని ఒక కార్యక్రమం ఉంది. న్యూయార్క్ పొద్దుకు సరిపడే రాగాలు వినిపిస్తారు. ఇక్కడ మనకు ఎండ వాలుతున్న వేళ, అక్కడ తెలవారుతున్న ఊరికోసం ఎత్తుకున్న భైరవ్ వినడం చిత్రంగా ఉంటుంది, కాని అది సబబే: రాగం ఏ ఊళ్లో పలుకుతుందో ఆ ఊరి సూర్యుడికే కట్టుబడాలి. విజయవాడ ఆకాశవాణిలో బాలాంత్రపు రజనీకాంతరావు నిలబెట్టిన ‘భక్తిరంజని’తో తెల్లవారినవాళ్లకు, వేళకూ పాటకూ ఉన్న ఈ ముడి గురించి నేను కొత్తగా చెప్పేదేముంది.

అదే గది, అదే మైకు. 1990 నుంచి 1998 దాకా గురువారం రాత్రి ఒంటిగంట దాటాక ఇంకో లోకం. స్ట్రెచ్ ఆర్మ్‌స్ట్రాంగ్, బాబిటో గార్సియా నడిపిన హిప్‌హాప్ కార్యక్రమం తెల్లవారుజామున ఐదు దాకా సాగేది. రికార్డు కంపెనీ గడప ఎక్కనివాళ్లు, డెమో క్యాసెట్టు జేబులో పెట్టుకుని తిరిగేవాళ్లు ఆ గదికి వచ్చి పాడేవారు. తర్వాత ప్రపంచమంతా తెలిసిన నాస్, నొటోరియస్ బి.ఐ.జి. లాంటి గొంతులను చాలామంది మొదట విన్నది ఆ అర్ధరాత్రుల్లోనే. శ్రోతలు టేపులో పట్టుకున్న క్యాసెట్లు చేతులు మారుతూ తిరిగేవి. 1998లో ‘ది సోర్స్’ పత్రిక దీన్ని హిప్‌హాప్ రేడియోలో అత్యుత్తమమని ఎంచింది.

అందులో 1995 నాటి ఒక ముక్క నన్ను వదలదు. హార్లెమ్ కుర్రాడు బిగ్ ఎల్, అప్పటికి సొంత ఆల్బమ్ లేని జే-జీ, ఒకరి తర్వాత ఒకరు ఒకే లయ మీద పదాలు అల్లుతారు. కొంత ముందే కట్టుకున్నది, కొంత అప్పటికప్పుడు పుట్టింది. బిగ్ ఎల్ ప్రాస పాదం చివర ఆగదు. పాదం నడుమనుంచే మొదలై రెండు మూడు అక్షరాల మేర పట్టుకుని, వదిలినట్టే వదిలి మళ్లీ అందుకుంటుంది. చాటుపద్యాల అనుప్రాస రుచి ఎరిగిన తెలుగు చెవి అర్థం తెలియక ముందే ఆ పట్టుకు లొంగిపోతుంది. జే-జీ అప్పటికి నాలుకను పరుగెత్తించే పద్ధతిలో ఉన్నాడు. తర్వాత వచ్చిన తాపీ ఇంకా రాలేదు. ఇద్దరి మధ్యా గదిలో ఉన్నవాళ్ల కేకలు, ఉండబట్టలేక వచ్చే నవ్వులు. ఆ కేకలను తీసేసి శుభ్రం చేసిన రికార్డు నాకొద్దు. పదం పడ్డ క్షణంలోనే అది పడిందని తెలిసినవాళ్ల గొంతులవి. బిగ్ ఎల్‌ను 1999లో అతని పేటలోనే కాల్చి చంపారు. జే-జీ 1996లోనే తొలి ఆల్బమ్ తెచ్చాడు. ఇద్దరూ ఒకే ఎత్తున నిలబడిన ఆ ఏడెనిమిది నిమిషాలు ఉన్నాయంటే, ఆ రాత్రి వాళ్లను ఆపేందుకు ఎవరికీ ఏ కారణమూ లేకపోవడం వల్లే.

పొద్దున పార్కర్ సంగీతానికి నలభై ఏళ్లు వెచ్చించడం, అర్ధరాత్రి పేరులేని కుర్రాడికి మైకు అప్పగించడం రెండు వేర్వేరు పనులుగా కనబడతాయి. నాకు ఒకటిగానే వినబడతాయి. వినబోయేదాని విలువ ముందే తేల్చుకోకుండా దానికి కావలసినంత కాలం ఇవ్వడమే రెండుచోట్లా జరిగింది. 1945లో ‘కోకో’ కూడా పేరులేని కుర్రకారు సంగీతమే కదా. ఆ రోజు స్టూడియోలో ఉన్న ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్‌కు అప్పటికి పందొమ్మిదేళ్లు. ఆ వేగం తన వల్ల కాదని ‘కోకో’కు పక్కకు తప్పుకున్నాడు.

ఇప్పుడు మైకు ముందున్నవాళ్ల వయసూ ఇంచుమించు అంతే. వాళ్ల గొంతుల గురించి చెప్పకపోతే ఈ రేడియో సగమే చెప్పినట్టు. వృత్తి అనౌన్సర్ల నునుపు ఉండదు. రికార్డు అయిపోయాక ఒకటి రెండు క్షణాలు ఏమీ వినబడదు; కాగితం తిప్పిన చప్పుడు, ఆపైన కొంచెం బెదురుగా వాద్యకారుల పేర్లు. ఒక్కొక్క పేరూ పూర్తిగా, వాద్యంతో సహా. పక్కవాద్యం వాయించినవాళ్లను ఇంత శ్రద్ధగా తలచుకునే చోటు నేను మరొకటి ఎరగను. పేరు పలకడం తడబడితే ఆగి మళ్లీ చెబుతారు. 2024 ఏప్రిల్ 30 రాత్రి నిరసనల మధ్య పోలీసులు కొలంబియాలోకి వచ్చినప్పుడు, ఈ పిల్లలే సంగీతం ఆపి కళ్లముందు జరుగుతున్నది చెప్పారు. వినేవాళ్ల తాకిడికి వాళ్ల వెబ్‌సైటు నిలవలేకపోయింది. ఆ రాత్రి కూడా గొంతు పెంచకుండా, చూసిందే చెబుతూ పోవడం, పేర్లు చెప్పేటప్పటి ఆ శ్రద్ధ ఫలమేనని నా నమ్మకం.

వీటన్నిటిలోకీ నేను ఎదురుచూసేది ఆగస్టు నెలాఖరు. టెనర్ సాక్సఫోన్ లెస్టర్ యంగ్ పుట్టింది 1909 ఆగస్టు 27. పార్కర్ పుట్టింది 1920 ఆగస్టు 29. ఈ రెండు తేదీల నడుమ ఉన్న రోజును కూడా కలిపేసి 72 గంటలు ఏకధాటిగా ఇద్దరినీ వినిపిస్తారు. పార్కర్ పదిహేడో ఏట కౌంట్ బేసీ రికార్డులు పట్టుకుని ఓజార్క్ కొండల్లోకి ఉద్యోగానికి పోయి, అందులో లెస్టర్ వాయించిన వరసలన్నీ కంఠస్థం చేసుకుని తిరిగి వచ్చాడు. ఆ సంగతి పుస్తకంలో చదివితే సమాచారం. మూడు రోజులు వింటే, లెస్టర్ తాళం వెనక కాస్త జారగిలబడి తేలిగ్గా వదిలిన పలుకు, పార్కర్ దగ్గర నాలుగింతల వేగంతో, ఉక్కు అంచుతో తిరిగి రావడం మీ చెవికే దొరుకుతుంది. ఎవరూ చూపించనక్కర్లేదు.

ఇంటర్నెట్టులో ప్రసారం ఎవరికైనా ఉచితం. న్యూయార్క్‌లో ఆగస్టు 27 మొదలయ్యేసరికి మనకు ఆ పొద్దున తొమ్మిదిన్నర అవుతుంది. కాఫీ అయ్యాక పెట్టుకుంటే మొదటి రికార్డు నుంచీ అందుతుంది.