బ్రేకుల్లేని చక్రాల మీద

నార్వే ట్రాఫిక్ నిబంధనల ప్రకారం రోలర్ స్కీలు తొడుక్కుని రోడ్డెక్కిన మనిషి పాదచారి. కాళ్ల కింద చక్రాలుంటాయి, చేతుల్లో రెండు పొడవాటి కర్రలుంటాయి, దిగుడు వచ్చిందంటే సైకిలుతో సమానంగా పోతాడు. అయినా చట్టం అతన్ని సంచీ పట్టుకుని ఇంటికి నడిచివెళ్లే మనిషితో కలిపే లెక్కేస్తుంది. నాతో సాధన చేసేవాళ్లలో కొందరికి ఈ లెక్క నచ్చదు. నాకు నచ్చుతుంది. నడిచే మనిషి ఆగాలనుకున్న చోట ఆగగలడు. ఆ పేరు మనకిచ్చారు కాబట్టి మనమూ అలా ఆగగలగాలన్నది నా పట్టుదల.

ఓస్లోలో మంచు కరిగాక క్రాస్ కంట్రీ స్కీయర్లు ఇంట్లో కూర్చోరు. వేసవంతా తారురోడ్ల మీద రోలర్ స్కీలతో కనిపిస్తారు. అరవై డెబ్భై సెంటీమీటర్ల పొడవున్న సన్నని అల్యూమినియం కడ్డీ లేదా కాంపోజిట్ పట్టీ, దానికి ముందో చక్రం, వెనకో చక్రం. శీతాకాలంలో వాడే బూటే దీనికీ పనికొస్తుంది. మునివేళ్ల దగ్గర మాత్రమే బిగుసుకుంటుంది, మడమ స్వేచ్ఛగా పైకి లేస్తుంది. రెండు రకాలున్నాయి. స్కేటింగ్ పద్ధతికి పెద్దవి, సన్ననివి అయిన చక్రాలు. క్లాసిక్ పద్ధతికి చిన్నవి, వెడల్పాటివి. క్లాసిక్ స్కీలో ఒక చక్రం ముందుకే తిరుగుతుంది, వెనక్కి తిరగదు.

ఈ వెనక్కి తిరగని చక్రమే కొత్తవాళ్లను తికమకపెడుతుంది. మొన్న వేసవిలో చదువుకోసం వచ్చిన గుంటూరు కుర్రాడొకడు నా స్కీలు చేతిలోకి తీసుకుని, చక్రాలు అటూ ఇటూ తిప్పి చూసి, "అక్కా, ఇదేగా బ్రేకు?" అన్నాడు.

"కాదు నాన్నా. ఎత్తు ఎక్కేటప్పుడు వెనక్కి జారిపోకుండా పెట్టిన ఏర్పాటది. దిగేటప్పుడు దానితో పనే లేదు."

"మరి బ్రేకెక్కడుంది?"

"లేదు."

వాడు నా మొహంలోకి చూశాడు. సరిగ్గా అడగాల్సిన ప్రశ్నే అడిగాడని నాకు సంతోషమేసింది. చాలామంది ఆ ప్రశ్న అడగరు. చదునుగా ఉన్న రోడ్డు మీద నాలుగు రోజులు తిరిగి, కాళ్లు కుదురుకున్నాయన్న ధైర్యంతో వంతెన మీదికి ఎక్కుతారు. ఎక్కిన వంతెన దిగాలి కదా!

వేగం ఎలా పుడుతుందో ఒకసారి లెక్కేసి చూస్తే ఆ ధైర్యం దానంతటదే సర్దుకుంటుంది. ఎత్తు 5 మీటర్లు తగ్గితే, రాపిడే లేదనుకుంటే, వేగం గంటకు సుమారు 36 కిలోమీటర్లకు చేరుతుంది. 5 మీటర్లంటే ఎంతో కాదు. 5 శాతం వాలున్న రోడ్డు మీద 100 మీటర్లు పోతే చాలు. చక్రాల రాపిడి, ఎదురుగాలి కొంత తగ్గించినా పాతిక కిలోమీటర్ల వేగం ఖాయం. కారులో వెళ్లేవాళ్లకు అది వాలని కూడా తోచదు. ఇక వేగం 20 నుంచి 40కి పెరిగితే ఆపాల్సిన శక్తి రెట్టింపు కాదు, నాలుగింతలు అవుతుంది. గంటకు 36 కిలోమీటర్లంటే సెకనుకు 10 మీటర్లు. సందులోంచి కారు ముక్కు కనపడి, మెదడు కాళ్లకు కబురు పంపేలోపే ఆ 10 మీటర్లు అయిపోతాయి.

అందుకే ఈ విద్యలో నేను నమ్మిన మాట ఒక్కటే: వేగాన్ని వాలు పైనే అదుపు చేయాలి. పుట్టాక పట్టుకుందామంటే దొరకదు. శ్రీశైలం ఘాట్ రోడ్డు మీద లారీ డ్రైవర్లు ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగుతారు, మలుపు దాకా పోయి అప్పుడు బ్రేకు మీద కాలేయరు. మా చక్రాలకు ఆ గేరూ లేదు, ఆ బ్రేకూ లేదు. కాబట్టి గేరు వేయాల్సింది కాళ్లతోనే, అదీ మొదటి అడుగులోనే.

దాన్ని ప్లావ్ అంటారు. మంచు మీద స్కీ నేర్చుకున్నవాళ్లందరికీ తెలిసినదే: మునివేళ్లు దగ్గరికి, మడమలు దూరంగా. పైనుంచి చూస్తే రెండు స్కీలూ ఇంగ్లిష్ వి అక్షరాన్ని తలకిందులు చేసినట్టుంటాయి. మంచు మీద స్కీ అంచు దిగబడి పట్టుకుంటుంది. తారు మీద అంచంటూ ఏదీ లేదు. చక్రం తిరుగుతూనే రవ్వంత పక్కకు ఒరుసుకుంటూ పోతుంది, ఆ ఒరిపిడే మనకున్న బ్రేకు. అది నెమ్మదైన బ్రేకు. గంటకు పది, పదిహేను కిలోమీటర్ల దగ్గర చక్కగా పనిచేస్తుంది. ముప్ఫై దాటాక చక్రాలు అదురుతాయి, తొడలు వణుకుతాయి, మడమలను బయటికి నెట్టే బలం చాలదు.

నేర్పేటప్పుడు నేను ఎక్కువ సమయం ఇక్కడే గడుపుతాను. పాదాలు భుజాలకంటే బాగా ఎడంగా ఉండాలి. చాలామంది భయంతో కాళ్లు దగ్గరికి చేర్చుకుంటారు, అప్పుడు స్కీల ముందు కొసలు ఒకదాని మీదికి మరొకటి ఎక్కి మనిషి బోర్లా పడతాడు. మోకాళ్లు వంగాలి, నడుము కాస్త కిందికి దిగాలి, ఒత్తిడి పాదాల లోపలి వైపు పడాలి. కళ్లు కాళ్ల మీద కాదు, ఇరవై ముప్ఫై మీటర్ల అవతల రోడ్డు మీద ఉండాలి. మడమలను బయటికి తోస్తూనే ఉండాలి, ఒకసారి తోసి ఊరుకుంటే స్కీలు వాటంతటవే మళ్లీ దగ్గరికొస్తాయి. చక్రం రోడ్డును రాసే చప్పుడు చెవికి వినపడాలి. ఆ చప్పుడు సన్నగా, ఎడతెగకుండా సాగితే మీ వేగం మీ చేతిలో ఉన్నట్టు. మధ్యమధ్య ఆగి ఆగి వస్తుంటే భయపడి బిగుసుకుపోయారని అర్థం.

ఇదంతా ఇరవై అడుగుల వాలు మీద, కింద చదునైన ఖాళీ జాగా ఉన్నచోట నేర్చుకోవాలి. స్కూలు వెనక పార్కింగ్ జాగాలు సెలవుల్లో ఇందుకు బాగుంటాయి. ప్లావ్‌తో ఎంత వేగం ఆపగలరో అంత వేగం వరకే వాలు పెంచుకుంటూ పోవాలి. ఈ అలవాటుతో చక్రాల రబ్బరు లోపలి వైపు తొందరగా అరుగుతుంది. ఎడమ స్కీ చక్రాలు కుడి స్కీకి, కుడివి ఎడమకు మార్చి బిగిస్తే సమంగా అరుగుతాయి. చక్రాలు పొదుపు చేద్దామని ప్లావ్ మానేసేవాళ్లను చూస్తే నాకు బాధగా ఉంటుంది. అరగడానికే కదా రబ్బరు ఉన్నది!

రెండో దారి గడ్డి. రోడ్డు పక్క కత్తిరించిన పచ్చగడ్డి, కాలువ లేకుండా, రాళ్లు లేకుండా ఉంటే అదొక వరం. కానీ తారు మీద దొర్లుతున్న చక్రం గడ్డిని తాకగానే చటుక్కున పట్టేస్తుంది, ఒళ్లు మాత్రం ముందుకు పోతూనే ఉంటుంది. అందుకని గడ్డిలోకి దిగే ముందే ఒక కాలు ముందుకు పెట్టి, బరువు వెనక్కి వేసుకోవాలి. దిగీ దిగగానే పాదాలు ఎత్తి ఎత్తి పరుగు అడుగులు వేయాలి. ఇది మాటల్లో చదివితే వచ్చేది కాదు. నడక వేగంతో మొదలుపెట్టి, కావాలని గడ్డిలోకి దిగుతూ సాధన చేయాలి. అవసరం పడిన రోజు కాళ్లు ఆలోచించకుండా ఆ పని చేస్తాయి.

నిటారుగా నిలబడి చేతులు చాచడం మూడోది. ఛాతీకి తగిలే గాలి వేగం పెరిగే కొద్దీ బలంగా ఆపుతుంది, జాకెట్ జిప్ విప్పితే ఇంకాస్త. ఇది సాయమే తప్ప బ్రేకు కాదు. పోటీలు చూసినవాళ్లు చాంపియన్లలా ముడుచుకుని కూర్చుని దిగుదామని సరదాపడతారు. ఆ కూర్చోవడం వేగం పెంచుకోవడానికి. మనకు కావాల్సింది దానికి విరుద్ధమైన పని.

కర్రలతో ఆగుదామన్న ఆలోచన మాత్రం మొదటిరోజే వదిలేయాలి. కాళ్ల మధ్య కర్రలు పెట్టి వాటి మీద కూర్చున్నట్టు ఒరిగేవాళ్లను చూశాను. కర్ర మొన కార్బైడ్ ముక్క, తారు మీద జర్రున జారుతుంది. కర్ర ఏమో కార్బన్, పక్కనుంచి బరువు పడితే పుటుక్కున విరుగుతుంది. విరిగిన కొస ఎక్కడ గుచ్చుకుంటుందో చెప్పలేం. దిగేటప్పుడు చేతులు నడుము ఎత్తులో ముందుకు, మొనలు వెనక్కి, నేలకు తగలకుండా ఉండాలి. వెనక వచ్చేవాళ్ల కళ్లకు తగలకుండా కూడా.

సామాను దగ్గర చేసే ఎంపిక కూడా వేగం మీద ఎంపికే. స్వెనార్ లాంటి కంపెనీలు చక్రాలకు నంబర్లిస్తాయి. 1 వేగంగా దొర్లుతుంది, 2 మామూలు, 3 నెమ్మది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు 3తో మొదలుపెట్టడం మంచిది. ఎక్కేటప్పుడు కాస్త ఎక్కువ కష్టపడతారు, దిగేటప్పుడు ఆ కష్టమే కాపాడుతుంది. బ్రేకు అమర్చిన స్కీలు అసలు లేవని కాదు. అమెరికాలో జెనెక్స్ కంపెనీ వీ2 స్కీలకు పిక్కతో వెనక్కి నొక్కితే పట్టే బ్రేకు, చక్రాన్ని నొక్కి పట్టే చిన్న రోలరు దొరుకుతాయి. రోలరును వాలు మొదలవకముందే వంగి చేత్తో బిగించుకోవచ్చు. రోలర్‌సేఫ్ అనే కంపెనీ కర్ర పిడి దగ్గరి మీట నొక్కితే వైర్‌లెస్‌గా చక్రాలు ఆగే స్కీలు తయారుచేసింది. ఇవి బరువు, ఖరీదు, అందుకే ఎక్కువమంది కొనరు. నలభై దాటి ఈ ఆట మొదలుపెట్టేవాళ్లకు, కొండ మీద ఇల్లున్నవాళ్లకు నేను మొహమాటం లేకుండా ఇవే చెప్తాను. బ్రేకు పెట్టుకోవడం చిన్నతనమన్న భావన ఆటగాళ్లలో ఉంది. అది పోవాలి.

రోడ్డును చదవడం ఇంకో చదువు. శీతాకాలంలో జారకుండా ఇక్కడి రోడ్ల మీద కంకరపొడి చల్లుతారు. వసంతంలో ఊడ్చే బండ్లు వచ్చేదాకా అది అంచుల్లో పేరుకుని ఉంటుంది. వేలి గోరంత రాయి చాలు, చిన్న చక్రం కింద అడ్డం పడితే స్కీ అక్కడే నిలిచిపోతుంది, మనం నిలవం. వాన పడ్డాక జీబ్రా క్రాసింగ్ మీది తెల్లరంగు, అక్టోబరులో తడిసిన బిర్చ్ ఆకులు, నగరంలో ట్రామ్ పట్టాలు, వంతెనల మీది ఇనుప అతుకులు, ఇవన్నీ ప్లావ్ పనిచేయని చోట్లు. అందుకే నేను కొత్త దారిలో స్కీల మీద దిగే ముందు ఒకసారి నడిచి దిగుతాను. వాలు ఎక్కడ ముగుస్తుంది, దాని చివర ఏముంది, పక్కన గడ్డి ఎక్కడుంది అని చూసుకుంటాను. కింద కూడలి గానీ మలుపు గానీ ఉంటే ఆ వాలు నాది కాదు.

ఇక చివరి పద్ధతి, అన్నిటికంటే ముందు చెప్పాల్సింది: స్కీలు విప్పి చేత పట్టుకుని దిగడం. బూటు ముందున్న బైండింగ్‌ను ఒక్క నొక్కు నొక్కితే ఊడివస్తుంది. రబ్బరు అడుగున్న బూటు నడకకు హాయిగా ఉంటుంది. ఇందులో నామోషీ ఏమీ లేదు. నార్వే నైరుతిన లీసెఫ్యోర్డ్ అంచున లీసెబోట్న్ నుంచి కొండపైకి సాగే పేరున్న రోలర్ స్కీ పోటీ ఉంది, లీసెబోట్న్ ఓప్. 27 హెయిర్‌పిన్ మలుపులున్న రోడ్డు మీద సుమారు 640 మీటర్ల ఎత్తు ఎక్కుతారు. ప్రపంచంలోని మేటి స్కీయర్లు అందులో పాల్గొంటారు. పోటీ ఎక్కడం వరకే, ఆ మలుపుల్లో దిగుతూ పందెం వేయమని ఎవరూ అడగరు. జాతీయ జట్లు కూడా వేసవిలో ఎత్తుల మీద కఠినమైన విడతలు సాధన చేసినప్పుడు తరచూ వ్యాను ఎక్కి కిందికొస్తాయి. వాళ్లకు దిగడం రాక కాదు. సాధన విలువ ఎక్కడంలో ఉంది, దెబ్బలు దిగడంలో ఉన్నాయి. ఇది తెలిసినవాళ్లు చేసే పని.

దిగడమే నేర్చుకోవాలనుకుంటే దానికీ మంచి చోట్లున్నాయి. ఓస్లోలో హోల్మెన్‌కొల్లెన్ స్కీ స్టేడియం దగ్గర రోలర్ స్కీల కోసమే వేసిన తారు దారి ఉంది, కార్లు రావు. అక్కడి వాలులు కొన్ని గట్టివి, కొత్తవాళ్లు అనుభవమున్న మనిషిని వెంటపెట్టుకునే పోవాలి. అక్కడ పదేళ్ల పిల్లలు హెల్మెట్లు పెట్టుకుని, ఒకరి వెనక ఒకరు ప్లావ్ వేసుకుంటూ దిగుతుంటే చూడ్డానికి ముచ్చటేస్తుంది. కోచ్ ముందు నెమ్మదిగా దిగుతుంటాడు, అతన్ని ఎవరూ దాటరు.

గుంటూరు కుర్రాడు ఆ వేసవంతా పార్కింగ్ జాగాలోనే తిరిగాడు. "అక్కా, ఇంకా ఎన్నాళ్లు ఇక్కడ?" అని విసుక్కున్నాడు కూడా. నేను చెప్పిన గీత దగ్గర, చెప్పిన ప్రతిసారీ ఆగగలిగిన రోజున వాడిని చిన్న వాలు మీదికి తీసుకెళ్లాను. ఇప్పుడు వాడు నాకంటే వేగంగా ఎక్కుతాడు. వాలు పైకొచ్చాక నాలాగే ఆగి కిందికి చూస్తాడు.

ఓస్లోలోనో, స్టాక్‌హోమ్‌లోనో, మినియాపొలిస్‌లోనో ఉంటూ ఈ వేసవిలో మొదటి జత కొనబోతున్న మనవాళ్లకు నా విన్నపం. స్కీల కంటే ముందు హెల్మెట్, చేతి తొడుగులు, మోచేతి, మోకాలి రక్షణ పట్టీలు, మెరిసే చొక్కా కొనండి. నెమ్మదైన చక్రాలు అడిగి బిగించుకోండి. చెవుల్లో పాటలు పెట్టుకోకండి. మొదటి నెల రోడ్డు మీద ఒక్క దిగుడు కూడా దిగకండి. దిగాల్సి వస్తే స్కీలు విప్పి, నడిచి దిగండి.