దేవుడు వేసిన దావా

మీకా గ్రంథం ఆరో అధ్యాయంలో ఒక పంచాయితీ జరుగుతుంది. సాక్షులుగా కొండలను, భూమి పునాదులను పిలుస్తారు. ప్రతివాది ఇశ్రాయేలు జనం, ఫిర్యాది సాక్షాత్తూ దేవుడు. తీరా పంచాయితీ మొదలయ్యాక ఆయన అడిగేది ఒక్కటే: తన వల్ల ఏం పొరపాటు జరిగిందో, తాను వాళ్లను ఎక్కడ విసిగించాడో చెప్పమని! దావా వేసినవాడే తన తప్పేమిటని అడగడం ఏ కోర్టులోనూ చూడం. జనం కంగారుపడి బేరానికి దిగుతారు. వేల పొట్టేళ్లు ఇవ్వాలా, నూనె ఏరులై పారించాలా, చివరికి కన్న పెద్దకొడుకునే అర్పించాలా అని. అవేవీ ఆయనకు అక్కర్లేదు. న్యాయంగా బతకడం, కనికరం చూపడం, తనతో అణకువగా నడవడం, ఈ మూడూ చాలు.

హీబ్రూ ప్రవక్తల పద్ధతికి ఇది మంచి నమూనా. ప్రవక్త అనగానే జరగబోయేది చెప్పే జోస్యుడని మనలో చాలామంది అనుకుంటారు. ఆ గ్రంథాల్లో జోస్యం పాలు తక్కువే. ఎక్కువ భాగం నొచ్చుకున్న దేవుడు సొంత గొంతుతో మాట్లాడే మాటలే. తిడతాడు, పాత రోజులు గుర్తుచేస్తాడు, బెదిరిస్తాడు, అంతలోనే మెత్తబడి మళ్లీ పిలుస్తాడు. యూదు పండితుడు అబ్రహాం హెషెల్ 1962లో అచ్చయిన తన ‘ద ప్రాఫెట్స్’ గ్రంథంలో ఈ సంగతినే పట్టుకున్నాడు. మనుషుల మంచిచెడ్డలకు కదిలిపోయే దేవుడే ప్రవక్తల దేవుడని అతని వాదన.

ఆదుకునే దేవుడు వరంగల్ వాళ్లకు కొత్త కాదు. పాలకుర్తి దగ్గరి బమ్మెర పేరు చెబితే చాలు, ఏనుగు మొర విని, పక్కనున్న లక్ష్మికైనా చెప్పకుండా, శంఖచక్రాలు సైతం మరిచి పరుగెత్తిన పోతన విష్ణువు కళ్లముందుంటాడు. అలిగే భక్తుడూ మనకు తెలుసు. గోల్కొండ చెరసాలలో రామదాసు రాముణ్ణి నిలదీసిన తీరు ఎవరు మరిచిపోతారు? ప్రవక్తల దగ్గర మాత్రం ఆ అలక దేవుడికి వస్తుంది. గజేంద్రుడు మొరపెట్టాక విష్ణువు కదిలాడు. ప్రవక్త హోషేయ కాలపు జనానికి తమ దేవుణ్ణి పిలవాలన్న ధ్యాసే లేదు. పిలవని ఇంటికి వచ్చి గుమ్మంలో నిలబడిన దేవుడాయన.

హోషేయది క్రీస్తుపూర్వం ఎనిమిదో శతాబ్దం, ఇశ్రాయేలు ఉత్తర రాజ్యం. అతనికి దేవుడు ఒప్పజెప్పింది ప్రసంగం కంటే ముందు సంసారం. గోమెరు అనే స్త్రీని పెళ్లాడాడు, ఆమె అతనికి నమ్మకంగా ఉండలేదు. పిల్లలకు పెట్టిన పేర్లు వింటే గుండె జల్లుమంటుంది. మొదటివాడు యెజ్రెయేలు, అదొక ఊచకోత జరిగిన చోటు పేరు. కూతురు లోరూహామా, అంటే జాలి దొరకనిది. చివరివాడు లోఅమ్మీ, నా జనం కానివాడు. వీధిలో ఆడుకునే పిల్లల్ని తల్లి అన్నానికి పిలిచిన ప్రతిసారీ ఊరంతటికీ తీర్పు వినపడుతుందన్నమాట. రెండో అధ్యాయం ముగిసేసరికి ఆ మూడు పేర్లూ తిరగబడతాయి. ఊచకోత చోటు విత్తనం చల్లిన పొలమవుతుంది, జాలి దొరకనిదానికి జాలి దొరుకుతుంది, కాని జనం సొంత జనమవుతారు. ఆ భార్యను హోషేయ వెండీ యవలూ పోసి మళ్లీ కొని తెచ్చుకుంటాడు. వెండి పదిహేను తులాలు. మోషే ధర్మశాస్త్రంలో ఎద్దు పొడిచి చంపిన బానిసకు కట్టిన వెల ముప్పై. మిగతాది యవలతో సర్దినట్టుందని కొందరు పండితులు లెక్క కట్టారు.

ఇక పదకొండో అధ్యాయం. నా మటుకు ప్రవక్తల గ్రంథాలన్నింటిలో దీన్ని మించింది లేదు. తండ్రి పిల్లవాడికి నడక నేర్పిన రోజులతో మొదలవుతుంది. చేతులు పట్టి నడిపించాడు, వంగి తినిపించాడు, వాడు మాత్రం ఎవరి వెంటో పోయాడు. కోపం పాదం పాదానికీ పెరుగుతుంది. అష్షూరు సామ్రాజ్యపు కత్తి ఊళ్ల మీద పడుతుందంటాడు. తీర్పు ఖాయమైందనుకున్న క్షణంలో మాట తెగుతుంది. నిన్నెలా వదిలిపెట్టేదని తనను తానే ప్రశ్నించుకుంటాడు. పూర్వం నాశనమైన అద్మా, సెబోయీము ఊళ్లతో సమానం చేయలేనంటాడు. పైగా అందుకు చూపే కారణం విచిత్రం: తాను దేవుడట, మనిషి కాడట. కోపం తీర్చుకోవడం మనుషుల పనట! న్యాయవాదిలా సాగిన ప్రసంగం తండ్రి గొంతులో ముగుస్తుంది. ఫిర్యాదు పత్రం చదువుతూ చదువుతూ ఫిర్యాదే వదులుకోవడం, ఇదీ అసలు శిల్పం. కోపాన్ని ముందు అంత దూరం పెంచకపోతే ఈ మలుపు పేలవంగా ఉండేది.

అష్షూరు కత్తి నిజంగానే పడింది. క్రీస్తుపూర్వం 722లో ఉత్తర రాజ్యం పోయింది. 586లో బబులోను సైన్యం యెరూషలేమును ముట్టడించి కాల్చింది. ఆ ముట్టడి నడుస్తుండగానే మరో ప్రవక్త యిర్మీయా చేసిన పని తెలంగాణ రైతుకు చప్పున అర్థమవుతుంది. రాజు అతన్ని చెరసాల ప్రాంగణంలో బంధించాడు. పినతండ్రి కొడుకు హనమేలు వచ్చి, అనాతోతులోని పొలం కొనమన్నాడు. కుటుంబ భూమి పరాయిపాలు కాకుండా దగ్గరి బంధువే విడిపించుకోవాలన్నది వాళ్ల ధర్మశాస్త్రం. విమోచన అని చర్చిలో వినే మాటకు మూలం ఈ పొలం గట్టు మీదే ఉంది. శత్రువు ఆక్రమించిన భూమికి యిర్మీయా పదిహేడు తులాల వెండి తూచి ఇచ్చాడు. సాక్షుల ఎదుట కాగితం రాయించాడు, ముద్ర వేయించాడు, పత్రాలు పాడవకుండా కుండలో పెట్టించాడు. సంతకం చేశాక తనకే సందేహం వచ్చి దేవుణ్ణి అడిగాడు కూడా! రియల్ ఎస్టేట్ చరిత్రలో ఇంత దండగ బేరం మరొకటి ఉండదు. ఈ దేశంలో మళ్లీ పొలాలు అమ్ముడవుతాయని చెప్పడానికి అతను మాటలు నమ్ముకోలేదు, రిజిస్ట్రేషన్ చేయించాడు.

ఛందస్సు సంగతి ఒక్క మాట. హీబ్రూ కవిత్వానికి యతిప్రాసల కట్టుబాటు లేదు. మొదటి పాదం చెప్పినదాన్ని రెండో పాదం మరో కోణంలో మళ్లీ అంటుంది, లేదా ఒక మెట్టు పైకెక్కిస్తుంది. ఆక్స్‌ఫర్డ్ ఆచార్యుడు రాబర్ట్ లౌత్ 1753లో దీన్ని విడమరిచాడు. ఈ జంట నడక భాష మారినా చెదరదు కనుకే మన పాత తెలుగు బైబిల్ వచనంలోనూ ఆ ఊపు తగులుతుంది.

ఈ సాహిత్యంలో ముళ్లున్నాయి. హోషేయ రెండో అధ్యాయంలో, అంతకు మించి యెహెజ్కేలు ప్రవక్త గ్రంథం పదహారో అధ్యాయంలో, భార్యను బట్టలూడదీసి శిక్షిస్తానన్న బెదిరింపులున్నాయి. అమెరికన్ పండితురాలు రెనీటా వీమ్స్ 1995లో ఈ భాష మీద ఒక పుస్తకమే రాసి నిలదీశారు. ఆమె నిలదీత న్యాయమే. అయితే ఆ మాటలు మొదట పడింది రాజులు, యాజకులు, పెద్దలున్న సభ మీద. ప్రవక్త ఆ మగవాళ్లందరినీ తప్పు చేసిన భార్య స్థానంలో నిలబెట్టాడు. మన వేదికల మీద కొందరు బోధకులు చల్లగా తమను దేవుడి కుర్చీలో, ఇంటి ఆడవాళ్లను గోమెరు స్థానంలో కూర్చోబెడతారు. అది ప్రవక్త మాటను తలకిందులు చేయడమే.

ఇక మన ప్రాంతం సంగతి. హనుమకొండలో అమెరికన్ బాప్టిస్టు మిషన్ 1879లో మొదలైంది. వరంగల్ కథోలిక మేత్రాసనం 1952లో ఏర్పడింది. తెలుగు సంఘాల్లో పెద్ద భాగం మాల, మాదిగ కుటుంబాలదే. వాళ్లలో లోఅమ్మీ అన్న పేరు పాత కథగా ఉండిపోదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడు షెడ్యూల్డ్ కులాల జాబితాలో ఉండడు. మన దగ్గర బీసీ-సి అన్న వేరే గడిలో ఉంటాడు. జనం లెక్కలోకి రానివాడు మళ్లీ జనమవడమనే హోషేయ మలుపును దళిత క్రైస్తవ వేదాంతం గట్టిగా పట్టుకోవడం సహజమే.

యూదులు దేవాలయం కూలిన రోజున ఉపవాసం ఉండి, ఆ తరువాత వరుసగా ఏడు విశ్రాంతి దినాలు యెషయా ప్రవక్త ఓదార్పు మాటలు చదువుతారు. దెబ్బ ఒక్క రోజు, ఊరట ఏడు వారాలు. మన సంఘాల్లో యెషయా క్రిస్మస్‌కు రెండు వచనాలై మిగిలాడు, హోషేయ వినపడటమే అరుదు. సంఘ కాపరులు ఈ వరుసను మన ఆరాధనలోకి తెస్తే బాగుంటుంది. అందాకా పాఠకులు, క్రైస్తవులైనా కాకపోయినా, హోషేయ పద్నాలుగు అధ్యాయాలనూ ఒకే విడత పైకి చదవండి. గంట పట్టదు. పదకొండో అధ్యాయం దగ్గర మాత్రం తొందరపడకండి.